తాత నిద్రకు మగ్గం వైద్యం

పందొమ్మిది వందల యాభైలలో, ఎమ్మిగనూరులో మా తాతకు మతి తప్పింది. మనుషులను మరచిపోయినా సర్దుకున్నాం. పగలంతా గురకపెట్టి, పొద్దుగూకగానే "తెల్లారింది, లేయండప్పా!" అని మమ్మల్ని లేపుతుంటే మాత్రం నాకు ఒళ్లు మండేది.

మాది నేతపని. మగ్గం చప్పుడుకే నిద్రపోతాం, అది ఆగితే మేలుకుంటాం. అందుకే అవ్వ మా నాయనతో తేల్చి చెప్పింది: "పగలు మగ్గం ఆడతాంటే పండుకుంటాండాడు, ఆగితే లేస్తాండాడు. రాత్రి గూడా ఆడించప్పా."

నాయన రాత్రిళ్లు నేశాడు. తాత పక్కనే కూర్చుని తెల్లవార్లూ నేతలో తప్పులు పట్టాడు.

ఆ జబ్బు మెదడులో నిద్రను, మెలకువను నడిపే చోటునే దెబ్బతీస్తుందని చాలా ఏళ్లకు ఒక డాక్టరు చెప్పాడు. అప్పట్లో మాకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? తాత మారలేదు. ఇంట్లో పగలు గురకపెట్టేవాళ్లు మాత్రం ఇద్దరయ్యారు.