నలభై బిళ్ళల ఓడ

సెప్టెంబరు చివరి గురువారం ఉదయం ఆరున్నరకి కాల్గరీలో ఇంటి నుంచి బయల్దేరాం. కారులో మా ఆయన కిరణ్, నేను, వెనక సీట్లో రెండేళ్ళ నాలుగు నెలల మా పాప మిన్ను. మిన్నుకి ముందురోజు నుంచే దగ్గు. ఇంకో వారం ఆగుదామంటే వీల్లేదు. ఈ ఏడాదికి ఆ ఓడ వేసే చివరి ట్రిప్పు ఇదే.

సరదాకి వెళ్ళిన యాత్ర కాదిది. వెళ్ళాలనుకునే వాళ్ళకి పనికొచ్చే వివరాలు రాస్తాను గానీ, మేం వెళ్ళింది ఓడని చూసి రావడానికి. వాంకూవర్ నుంచి నడిచే ఒక చిన్న క్రూయిజ్ షిప్‌లో వాటా కొని, ఉద్యోగం మానేసి, టౌన్‌హౌస్ అమ్మేసి అక్కడికి మారిపోదామని కిరణ్ ఆరు నెలలుగా అంటున్నాడు. ఓడ యజమాని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పార్ట్‌నర్ కావాలని పెట్టాడు. ట్రిప్పు అయ్యాక, సోమవారం సాయంత్రం లోపు, అవునో కాదో చెప్పాలి.

కిరణ్ ఆశంతా స్టూడెంట్స్ మీద. అప్పట్లో కాల్గరీలో ఏ బస్సెక్కినా కొత్తగా దిగిన మన పిల్లలే. మా బేస్‌మెంట్‌లోనే ముగ్గురు అమ్మాయిలు అద్దెకుంటున్నారు.

“వీళ్ళందరికీ లాంగ్ వీకెండ్ వస్తే పోవడానికి ఏముంది చెప్పు? బాన్ఫ్ కొండలు. తర్వాత మళ్ళీ బాన్ఫ్,” అన్నాడు హైవే ఎక్కగానే. “కాన్వొకేషన్‌కి అమ్మానాన్నలొస్తారు. వాళ్ళనెక్కడికి తీసుకెళ్తారు?”

“కింద హారికని అడిగాను,” అన్నాను.

“ఏమంది?”

“‘ఆ నాలుగు రోజులూ నా షిఫ్టులు బావగారు చేస్తారా అక్కా?’ అంది. ఓడలో వర్క్ ఇస్తే మాత్రం రేపే ఎక్కుతుందట.”

కిరణ్ నవ్వలేదు. రోజర్స్ పాస్ కనుమ దగ్గర వాన మంచుగా మారింది. వైపర్ల వేగం పెంచాడు.

రెవెల్‌స్టోక్‌లో పెట్రోల్ బంక్ పక్కన ఆగి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుకోవాలి, అక్కడి సమయం వేరు. మూడింటికి కామ్‌లూప్స్ చేరి మోటెల్‌లో దిగాం. గది నూట ఇరవై డాలర్లు, పొద్దున వాఫుల్స్ ఉచితం. పిల్లలున్న వాళ్ళు ఒక్క రోజులో వాంకూవర్ దాకా లాగొద్దు. శుక్రవారం ఎనిమిదికి బయల్దేరితే ఒంటిగంటకల్లా నార్త్ వాంకూవర్ రేవులో ఉన్నాం. కారు పార్కింగ్ రేవులోనే, ముందుగా ఫోన్ చేసి చెప్పుకోవాలి.

ఓడని చూడగానే ఇంతేనా అనుకున్నాను. మూడు సిటీ బస్సులు వరసగా నిలబెడితే ఎంతో అంతే ఉంది. తెల్ల రంగు మీద లంగరు గొలుసు దగ్గర నుంచి తుప్పు చారలు కిందికి దిగాయి. ఒకప్పుడు తీరం వెంట ఉత్తరాలూ సరుకులూ మోసిన ఓడట. గదులు ఇరవై, ఒక్కో గదిలో రెండు బెర్తులు. మొత్తం నలభై.

మెట్ల దగ్గర నిలబడి యజమాని తనే అందరినీ ఎక్కిస్తున్నాడు. గోవింద్ అంకుల్‌కి డెబ్భై దగ్గర పడి ఉంటాయి. ఫిజీలో పుట్టాడు. ఇరవై రెండేళ్ళప్పుడు కెనడా వచ్చి, పెద్ద ఓడల్ని లాగే టగ్ బోట్ల మీద పనిచేసి, చివరికి ఈ ఓడ కొన్నాడు. యజమానీ, కెప్టెనూ తనే.

“రా అమ్మాయ్, రా. నా తెలుగు మా ఆజీ తెలుగు. తప్పు దొర్లితే ఆమెని తిట్టు, నన్ను కాదు,” అన్నాడు. ఆజీ అంటే నానమ్మట.

ఎక్కగానే గోడకి ఒక చెక్క బోర్డు. నలభై మేకులు, నలభై గుండ్రటి రేకు బిళ్ళలు, ఒక్కో దాని మీద బెర్తు నంబరు. బిళ్ళకి ఒకవైపు తెలుపు, ఒకవైపు ఎరుపు. రేవులో దిగేటప్పుడు మన బిళ్ళని మనమే ఎర్రగా తిప్పాలి, తిరిగొచ్చాక తెల్లగా తిప్పాలి. ఎరుపు ఒక్కటి కనిపించినా ఓడ కదలదు.

కిరణ్‌ది పద్నాలుగు, నాది పదమూడు. మిన్నుకి లేదు. మూడేళ్ళ లోపు పిల్లలకి టికెట్టూ లేదు, బెర్తూ లేదు, బిళ్ళా లేదు. ఆ మాట వినగానే పాప చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. రేవులో పాప చెయ్యి జారిపోయి, మా బిళ్ళలు రెండూ తెల్లగా ఉండి, ఓడ కదిలిపోయినట్టు కళ్ళ ముందు కనిపించింది. కిరణ్‌కి చెప్పాను.

“నువ్వు లేకుండా పాప ఒక్కతే ఎలా దిగుతుంది స్వాతీ?” అని విసుక్కున్నాడు కిరణ్.

నాలుగింటికి ఓడ కదిలింది. గంట గడవకముందే మిన్ను వాంతి చేసుకుంది. నేనూ, తనూ గదిలోనే ఉండిపోయాం. వెళ్ళేవాళ్ళు కింద వరస గదులు అడగండి, పైన ఊపు ఎక్కువ. అల్లం బిళ్ళలు దగ్గర పెట్టుకోండి. కిరణ్ భోజనాల గది నుంచి మాకు సూప్, బ్రెడ్డు తెచ్చి, ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. ఆ బిళ్ళల బోర్డు. నలభైకి నలభై తెలుపు.

“ఫుల్! సీజన్ చివర్లో, ఈ వానలో, ఫుల్!” అన్నాడు.

“భోజనానికి అంతమందీ వచ్చారా?”

“కొందరు రూముల్లోనే తింటారులే. అందరూ పెద్దవాళ్ళు.”

శనివారం తొమ్మిదింటికి పావెల్ రివర్ అనే ఊళ్ళో ఆగాం. మబ్బు నీళ్ళ మీద కూర్చున్నట్టుంది. ఊరు సగమే కనిపించింది. మెట్ల దగ్గర ఐరీన్ అనే పెద్దావిడ నా పక్కన నిలబడి తన బిళ్ళని రెండు వేళ్ళతో జాగ్రత్తగా తిప్పింది. ప్రతి ఏడూ వస్తుందట, భర్త పోయాక కూడా.

“పెద్ద ఓడలు ఎక్కలేదా మీరు?” అని అడిగాను.

“ఎక్కాను. అక్కడ నేను మిషన్‌లో గీకే ఒక ప్లాస్టిక్ కార్డుని. రెండేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే పోస్టాఫీసులో ఆలస్యమైంది. పరుగెత్తుకుంటూ వస్తే ఓడ ఇంకా ఇక్కడే ఉంది, గోవింద్ వానలో నిలబడి ఉన్నాడు. ఇంట్లో నేను ఆలస్యమైతే చూసేవాళ్ళెవరూ లేరు.” గొడుగు విప్పుతూ, “అందుకే వస్తాను,” అంది.

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. తిరిగి ఎక్కేటప్పుడు అంకుల్‌ని అడిగేశాను. “మా పాపకీ ఒక బిళ్ళ ఇవ్వండి అంకుల్. పిచ్చిదాన్ననుకోకండి.”

“పిచ్చేముంది? తీసుకో. ఏదో ఒకటి తీసుకో, చాలా ఉన్నాయి.” బోర్డు వైపు చెయ్యి ఊపాడు. మిన్ను చెయ్యి చాచి అందిన బిళ్ళ పట్టుకుంది. ముప్పై ఒకటి. ఎర్రగా, తెల్లగా, మళ్ళీ ఎర్రగా తిప్పుతూ “మై టర్న్!” అని అరిచింది.

గదికి వచ్చాక ఆ మాట నన్ను వదల్లేదు. ఓడ ఫుల్ అయితే ఖాళీ బిళ్ళలు చాలా ఎలా ఉంటాయి?

కిరణ్‌ని అడగలేదు. ఆ సాయంత్రం అతను కిటికీ పక్కన కూర్చుని, వచ్చే ఏడాదికి ఉగాది క్రూయిజ్, దీపావళి క్రూయిజ్ అని నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో అతని ముఖం అంత తేరుకుని ఉండగా నేను చూడలేదు. ఆఫీసు నుంచి వచ్చి కారులోనే అరగంట కూర్చుని అప్పుడు లోపలికొచ్చే మనిషి.

ఆదివారం పదింటికి క్యాంప్‌బెల్ రివర్ ఊరి రేవు. వాన కాస్త తెరిపిచ్చింది. మిన్ను దగ్గు తగ్గింది. “నువ్వు రెస్ట్ తీసుకో, నేను తిప్పుకొస్తా,” అని కిరణ్ పాపకి రెయిన్‌కోటు తొడిగి దిగాడు. పద్నాలుగు, ముప్పై ఒకటి ఎర్రగా తిప్పారు. వాళ్ళ వెనకే ఐరీన్, తక్కినవాళ్ళు గొడుగులు విప్పుకుంటూ దిగిపోయారు.

నేను బోర్డు ముందు నిలబడ్డాను. ఎరుపు పదిహేను. తెలుపు ఇరవై ఐదు.

అంటే ఇరవై ఐదు మంది ఓడలో ఉండాలి. భోజనాల గదికి వెళ్ళాను. ఎవరూ లేరు. సముద్రం చూడటానికి వేసిన కిటికీల గదిలో కుర్చీలన్నీ ఖాళీ. కింద వరండాలో నడిచాను. సగం గదుల తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. పరుపులు మడతపెట్టి ఉన్నాయి. ఆ ఇరవై ఐదులో ఒకటి నాది. మిగతా ఇరవై నాలుగూ ఎవరివీ కావు.

వంటగది దగ్గర అంకుల్ టీ తాగుతున్నాడు. మనుషుల్లేకుండా ఇన్ని బిళ్ళలు తెల్లగా ఎందుకున్నాయని అడిగాను.

“ఖాళీ బెర్తుది ఎప్పుడూ తెలుపే. ఎర్రగా పెడితే ఎవరికోసం ఆగాలి?” అన్నాడు. దాచే ధోరణేమీ లేదు. నాకూ ఒక కప్పు పోశాడు.

“ఎప్పుడూ ఇంతేనా?”

“జులైలో నిండుతుంది. మిగతా అంతా ఇట్లనే. పెద్ద ఓడకి రెండు వేల బెడ్డులు, ఒక కెప్టెన్. నాకు నలభై బెడ్డులు, నాకూ ఒక కెప్టెన్, ఒక కుక్, ఒక ఇంజన్. బెడ్డు ఖాళీ అని ఇంజన్ తక్కువ తాగదు అమ్మాయ్. చిన్నగా ఉంది కాబట్టే వీళ్ళు వస్తారు. చిన్నగా ఉంది కాబట్టే నాకు గిట్టుబాటు కాదు.”

“మరి పార్ట్‌నర్ కావాలని పెట్టారు కదా.”

“ఉంటే ఇంకో రెండేళ్ళు నడుస్తుంది. నేను అబద్ధం చెప్పను. నీ ముందు ఇద్దరొచ్చారు చూడడానికి. ఇంజన్ అడిగారు, లైసెన్స్ అడిగారు. తెల్ల బిళ్ళలేంటని ఎవరూ అడగలేదు.”

పన్నెండున్నరకి కిరణ్ తిరిగొచ్చాడు. భుజం మీద మిన్ను. ఇద్దరి చేతుల్లో తడిసిన మఫిన్లు. పద్నాలుగు తిప్పడానికి చెయ్యి చాచాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

“ఆగు. ముందు బోర్డు చూడు. ఎంతమంది ఇంకా దిగలేదు?”

చూశాడు.

“ఇరవై ఐదు తెల్లవి కిరణ్. ఓడంతా తిరిగొచ్చాను. ప్యాసింజర్లలో నేనొక్కదాన్నే ఉన్నాను.”

అతని చెయ్యి నా చేతిలోనే ఉంది. చల్లగా ఉంది. మిన్ను “మై టర్న్, మై టర్న్” అంటూ గింజుకుంటోంది.

“తెలుసు,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“మొదటి రోజే భోజనాల దగ్గర ప్లేట్లు లెక్కపెట్టా. నాతో కలిపి పద్నాలుగు.”

“మరి ఫోటో తెచ్చి ఫుల్ అన్నావు?”

“ఎవరో ఒకరు నమ్మితే నేనూ నమ్మొచ్చనిపించింది,” అన్నాడు. “ఆఫీసులో ఆ క్యూబికల్‌లో ఇంకో ఇరవై ఏళ్ళు... నాకు ఊపిరాడదు స్వాతీ.”

నేను అతని చెయ్యి వదిలేశాను. వెనక మెట్ల మీద ఐరీన్ గొడుగు మూస్తూ ఆగింది. మేం పక్కకి జరిగాం. కిరణ్ తన బిళ్ళ తిప్పాడు. మిన్ను తనది తిప్పింది. రెండింటికి ఓడ కదిలింది. అంతవరకూ తెరిపిచ్చిన వాన మళ్ళీ అందుకుంది.

సోమవారం ఎనిమిదిన్నరకి వాంకూవర్ వచ్చేశాం. చివరి రేవులో బిళ్ళలు తిప్పక్కర్లేదు, ఎవరి కోసమూ ఆగేది లేదు కాబట్టి అన్నీ తెల్లగానే వదిలేసి దిగాలి. నేను పాపనెత్తుకుని బోర్డు పక్కగా వస్తుంటే తను అలవాటుగా చెయ్యి చాచి ముప్పై ఒకటిని ఎర్రగా తిప్పేసింది. వెనక సూట్‌కేసులతో జనం. వెనక్కి తిప్పడానికి కుదరలేదు.

“ఆలోచించుకుని ఫోన్ చేస్తా అంకుల్,” అన్నాడు కిరణ్. అంకుల్ తలూపాడు. మిన్ను తల నిమిరాడు.

తిరుగు దారిలో హోప్ అనే చిన్న ఊళ్ళో పన్నెండింటికి ఆగి శాండ్‌విచ్‌లు తిన్నాం. అక్కడి నుంచి కొండ ఎక్కేకొద్దీ పొగమంచు. ఎవరైనా చిన్న ఓడల సంగతి అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. భోజనం బాగుంది. గది ఇరుకు, దుప్పట్లు శుభ్రం. ఎక్కడ దిగినా మనం తిరిగొచ్చామో లేదో చూసే మనిషి ఒకడుంటాడు. ఆ మనిషికి గిట్టుబాటయ్యేంతమంది మనం ఎక్కం. వచ్చే ఏడాది ఆ ఓడ ఉంటే, జులైలో కాకుండా మే నెలలోనో, సెప్టెంబరులోనో వెళ్ళండి. అంతకంటే చెప్పడానికి నాకేమీ తోచలేదు.

రెండున్నరకి కామ్‌లూప్స్‌లో పెట్రోల్ కోసం ఆగినప్పుడు కిరణ్ ఫోన్ మోగింది. అంకుల్ మెసేజ్.

“ముప్పై ఒకటి ఎర్రగా ఉంది. పాప మీతోనే ఉందా?”

కిరణ్ రెండుసార్లు చదివాడు. ముందు వెనక్కి తిరిగి చూశాడు. మిన్ను కార్‌సీట్లో నోరు తెరిచి నిద్రపోతోంది, ఒక బూటు జారిపోయి ఉంది. బూటు తొడిగి, అప్పుడు టైప్ చేశాడు. “ఉంది అంకుల్. మాతోనే ఉంది.”

పంపాక ఫోన్ జేబులో పెట్టలేదు. పంపు దగ్గర నిలబడి ఇంకేదో రాశాడు, చెరిపేశాడు, మళ్ళీ రాశాడు. పంపేముందు అద్దం దించమని సైగ చేసి నాకు చూపించాడు. “సారీ అంకుల్. మేం రాలేం.” నేను తల ఊపాను. ఊపుతున్నప్పుడు అతని ముఖం చూడలేకపోయాను.

జవాబు వెంటనే రాలేదు. పెట్రోల్ నిండింది. అతను లోపలికొచ్చి బెల్టు పెట్టుకున్నాక ఫోన్ వెలిగింది. ఈసారి నేనే చదివాను.

“సరే బాబూ. పాపది తెల్లగా తిప్పేస్తున్నా.”