అమెరికా ఆమె ఏడవలేదు

నా చిన్నప్పుడు మా వీధికి వచ్చిన అమెరికా ఆమె మా అమ్మ చావుకు గుండెలు బాదుకుని ఏడ్చిందని తమిళనాడు రాజపాళయంలో మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ పెళ్లిలోనో ఆకు ముందు కూర్చున్నప్పుడు కొత్త కోడళ్లకు ఈ కథ వినిపిస్తారు. తెల్లామె అయినా మన మనిషి మాదిరి ఏడ్చినాదంటారు. ఏడవలేదు. ఒక్క చుక్క రాల్చలేదు. ఆమె పక్కన నిలబడింది నేను. ఈ కథ చెప్పేవాళ్లలో సగం మంది ఆ రోజు ఊళ్లోనే లేరు. ఉన్నవాళ్లు పక్కింటి నుంచి కాఫీ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు.

ఆమె పక్కింటి అక్క వెంట వచ్చింది. అక్క మధురైలో కాలేజీ చదువుతుండేది. ఆ కాలేజీలో కొన్నాళ్లు సంగీతం పాఠాలు చెప్పడానికి వచ్చిన టీచరు ఈమె. మా వీధిలో ఇంటింటి వెనకా ఒక షెడ్డు, అందులో బ్యాండేజీ గుడ్డ నేసే కరెంటు మగ్గాలు. అక్క ఆ మాట చెప్పగానే సెలవుల్లో బస్సెక్కి వచ్చేసింది. గుడి చూపిస్తామంటే వద్దంది. కొండకు తీసుకుపోతామన్నా వద్దంది. మగ్గాల చప్పుడు వినాలంది. పొద్దున్నే మా తిన్నె మీద కూర్చుని, గీతల కాగితం మీద పెన్సిలుతో చుక్కలు పెట్టుకునేది. ఆమెకు మతి చెడిందని మావాళ్లు అప్పుడే తీర్మానించేశారు.

సంగీతం మనిషి కదా, పాడమన్నారు. పాడింది. నూనె వేయని గిలకలా ఉంది గొంతు. ఈమె పాడదు, రాస్తుంది, రాసినదాన్ని పెద్ద గుంపు కూర్చుని వాయిస్తుంది అని అక్క విడమరిచి చెప్పింది. గుంపు ఆడదాని మాట వింటుందా అని మా నాన్న అడిగాడు. వినరనే ఆమె కూడా చెప్పిందట. ఆడవాళ్లు వాయించొచ్చు గానీ రాయడం వాళ్ల పని కాదని వయసులో ఉన్నప్పుడు గురువే అన్నాడట. అందుకని ఇంటింటికీ పోయి పిల్లలకు పియానో నేర్పుతూ, అంట్లు తోముకున్నాక రాసుకునేదట. పేరు రాస్తే ఆడదని తెలుస్తుందని ఇనిషియల్స్ మాత్రం పెట్టి పంపేదట. ఎవరో మగాయన అనుకుని వాయించారట, ఆమె ఎదురుగా వచ్చి నిలబడేదాకా. మా నాన్నకు ఇది భలే నచ్చింది. మా ఊళ్లో అందరివీ ఇనిషియల్సే కాబట్టి ఈమె ఇక్కడ పుట్టి ఉంటే ఏ తంటా లేకపోయేదన్నాడు. పుట్టి ఉంటే ఆయనే ఈమె చేత షెడ్డులో దారం చుట్టిస్తూ ఉండేవాడు, సంగీతం ఎక్కడిది? అది నేను పెద్దయ్యాక అనుకున్న మాట.

అమ్మ అప్పటికే చాలాకాలంగా మంచంలో ఉంది. ఒక పొద్దున లేవలేదు. నాన్న షెడ్డులోకి పోయి మగ్గాలు ఆపేశాడు. మా వీధిలో చావు కబురు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక ఇంట్లో మగ్గం వేళ కాని వేళ ఆగితే పక్కింటివాళ్లు విని తమదీ ఆపుతారు, ఆ పక్కవాళ్లు తమదీ ఆపుతారు. శవం వీధి మలుపు తిరిగేదాకా ఎవరూ స్విచ్చి ముట్టుకోరు. చప్పుడు అట్లా ఇంటి తర్వాత ఇంట్లో ఆరిపోతూ పోయింది. నేను వాకిట్లో నిలబడి విన్నాను. నాకు ఏమీ అనిపించలేదు. వేరే వాళ్లింటికి వచ్చినట్టుంది, అంతే.

నన్ను ఏడిపించే బాధ్యత మా మేనత్త నెత్తిన వేసుకుంది. ముందు బుజ్జగించింది. తర్వాత చేతి మీద గిల్లింది. తల్లి పోతే ఏడవని ఆడపిల్లను రేపు ఎవరు చేసుకుంటారని అందరికీ వినబడేలా అడిగింది. మాలో చనిపోయినవాళ్ల నోటి దగ్గర అయినవాళ్లు బియ్యం వేస్తారు. వాయ్‌కరిసి అంటాం. ఆ బియ్యం పళ్లెం అత్త చేతిలో ఉంది. నా వంతు వచ్చేసరికి పళ్లెం వెనక్కి లాక్కుంది.

"ఏడ్చినాకే ఇస్తా. రాయి మాదిరి నిలుచోని అమ్మకు బియ్యం వేస్తావా?"

నాకు కావలసింది ఆ బియ్యమే. అమ్మకు చివరగా పెట్టేది అదని తెలిసే వయసే నాది. ఏడుపు ఎక్కడుందో వెతికాను. కళ్లు నలుపుకున్నాను. రాలేదు. లేచి షెడ్డులోకి పోయి మగ్గం పక్కన కూర్చున్నాను.

కాసేపటికి అక్కా, అమెరికా ఆమె వచ్చారు. ఆమె నన్ను దగ్గరికి తీసుకోలేదు, తల నిమరలేదు. మగ్గం మీది గుడ్డను చూస్తూ నిలబడింది. మగ్గం నడుమలో ఆగితే గుడ్డలో అడ్డంగా ఒక గీత పడుతుంది. మళ్లీ నడిపినా ఆ గీత పోదు. ఇది ఏమిటని అడిగింది. చెప్పాను. ఆ రోజు నేను నోరు విప్పింది అప్పుడే. ఆమె తన కాగితం చూపించింది. చుక్కల మధ్య చుక్కల్లేని గడులు వరసగా ఉన్నాయి, ఒక్కోదానిలో చిన్న గుర్తుతో. అక్క చెప్పింది.

"ఇక్కడ అందరూ నిలిపేయాల పాపా. నిలిపినారని పాట అయిపోలా. చెయ్యి దించగూడదు, లేచి పోగూడదు. ఇదీ వాయించేదాన్లో చేరిందే అంటాది."

నాకు అర్థం కాలేదు. ఇప్పుడు పూర్తిగా అర్థమైందని గొప్పలు చెప్పను. కానీ లేచి ఆమె వెంట నడిచాను. అత్త పళ్లెం రెండు చేతులా పట్టుకుని నిలబడే ఉంది. అమెరికా ఆమె అక్కతో నెమ్మదిగా ఏదో అంది. అక్క చెప్పడానికి కొంచెం తటపటాయించింది.

"వాళ్లమ్మ పోయిన దినం ఈమెకీ ఏడుపు రాలేదంట అత్తా. ఆ పొద్దు పియానో పాఠానికి పోయి చెప్పొచ్చినాదంట. ఇంకా రాలేదంట."

"ఎప్పుడు పోయినాది?"

"ఈ పాప పుట్టకముందే అంట."

అత్త ఆ తెల్ల ముఖాన్ని చాలాసేపు చూసింది. నా దోసిట్లో బియ్యం పోసింది. తర్వాత ఎవరూ అడగకుండానే ఆమె చేతిలోనూ పోసింది.

"సరి. ఇద్దరూ పోండి."

ఇద్దరమూ పోయాం. పొడి కళ్లతో బియ్యం వేశాం. అమ్మ పెదవి మీద ఒక గింజ నిలిచింది. దాన్ని చూస్తుంటే కూడా నాకేమీ కాలేదు. కానీ బియ్యం వేసింది నేనే.

తెల్లామె ఏడ్చిందని మొదట చెప్పింది మా అత్తే. దినకర్మలకు వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఆ కథలో నన్ను కూడా ఏడిపించింది, పట్టుకుంటే ఆగలేదని. నేను ఎదురుగా కూర్చుని వింటుండగానే చెప్పింది. నా ముఖం చూడకుండా. ఆ అబద్ధంతో నన్ను కాపాడిందా, తన పరువు కాపాడుకుందా అని అత్తతో ఆమె పోయేదాకా తగువు పెట్టుకున్నాను. ఊరుకోమనేది. పళ్లెం తానే వెనక్కి లాక్కుని, తానే ఇచ్చిందన్న ముక్క మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

అమెరికా ఆమె వెళ్లిపోయాక, మా మగ్గాల పాట వాళ్ల దేశంలో వాయించారని అక్క చెప్పింది. నడుమలో అందరూ ఒకరి తర్వాత ఒకరు ఆపేస్తారట. అయిపోయిందనుకుని కొందరు చప్పట్లు కొట్టారట. అట్లాంటివాళ్లు అన్ని ఊళ్లలోనూ ఉంటారు.

ఆ తర్వాత నాన్న పోయినా, అత్త పోయినా నా కళ్లు పొడిగానే ఉన్నాయి. నన్ను రాయి అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అనుకోనీ. చావింట్లో ఎక్కడైనా పిల్లను గిల్లే చెయ్యి కనిపిస్తే మాత్రం వెళ్లి ఆ చెయ్యి పట్టుకుంటాను, పెద్దవాళ్లైనా సరే. దాన్ని చుమ్మా, ఊరికే ఉండనీండి, బియ్యం ఇవ్వండి అంటాను. ఆ రోజు నుంచి నా దగ్గర మిగిలింది ఈ పని ఒక్కటే.

అమెరికా ఆమె ఇప్పుడు బతికి ఉందో లేదో తెలియదు. అక్కకూ తెలియదు. ఆమె సంగీతం గురించి నాకేమీ అడగాలని లేదు. ఒక్కటి తెలిస్తే చాలు. ఆమెకు చివరికైనా వచ్చిందా?