పరువు కోసం రంగేసిన కారు

పాత బండికి కొత్త రంగు కొడితే నాకు గిట్టదు. ముప్పయ్యేళ్లు నరసరావుపేటలో మెకానిక్ షెడ్డు నడిపినోణ్ణి, తుప్పంటే నాకేం అసహ్యం లేదు. ఎక్కడ పుచ్చిందో కళ్లకి కనపడుద్ది, దాన్ని బట్టి ధర కట్టొచ్చు. దాని మీద పుట్టీ మెత్తి, పైన రంగు కొట్టి, మీసం మెలేసే మనుషులంటేనే రోత.

గురజాల దగ్గర ఒక ఊళ్లో అట్టాంటి బండికి ధర కట్టాల్సొచ్చింది. రెండే సీట్లు, పైన టాపు లేని ఫారిన్ స్పోర్ట్స్ కారు. ఆ ఇంటి పెద్దాయన వయసులో ఉన్నప్పుడు ముచ్చటపడి కొన్నాడంట. ఆయన పోయాక పెద్ద కొడుకులిద్దరూ పొలమంతా పంచుకుని, చనిపోయిన తమ్ముడి భార్యకి గొడ్ల చావిట్లో పడున్న ఆ కారు చూపించి, "ఇదే నీ వాటా" అన్నారు. అన్నం తినే నోళ్లేనా అవి?

ఆమెకి కుట్టుపని వచ్చు. సత్తెనపల్లి బస్టాండు దగ్గర ఒక గది తీసుకుని, రెండు మిషన్లు వేసుకుని, బావల ఇంట్లోంచి బయటపడాలని ఆమె ఆశ. పాత కార్లు కొనే హైదరాబాదాయన ఒకాయన దొరికాడు. నేను కట్టిందే ధర అని ఇద్దరూ ఒప్పుకున్నారు.

మొదటిసారి నేను పోయినప్పుడు సీట్లో కోడి పొదిగి ఉంది. ఇంజన్ తిరగదు. అయినా ఇంజన్ దానిదే, మీటర్లు దానివే, రంగు కూడా కంపెనీలో కొట్టిందే. అట్టాంటిది దొరికితే ఏళ్లు పట్టినా బాగుచేసుకునే పిచ్చోళ్లు చానామంది ఉన్నారు. "ఎట్టున్నది అట్టా ఇస్తే ఎనిమిది లక్షలు. ఎవురూ చెయ్యి పెట్టొద్దు" అని చెప్పా. హైదరాబాదాయన సరేనన్నాడు. రెండు నెలల్లో డబ్బు సర్దుకుని వస్తానన్నాడు.

ఈలోపు బావలకి పరువు గుర్తొచ్చింది. నాన్న కారు కోడి రెట్టలతో ఊరి నడుమ లారీ ఎక్కితే నలుగురూ ఏమనుకుంటారు? మరదల్ని అడిగింది లేదు, పెట్టింది లేదు. రాత్రిపూట ట్రాక్టరుకి కట్టి మాచర్ల లాక్కపోయి ఒళ్లంతా పుట్టీ పూయించి, ఎర్రగా రంగు కొట్టించారు. తిరగని ఇంజనెందుకని పాత ఇనుప సామాన్లోడికి తూకానికి అమ్మేసి, ఏదో వ్యాన్ ఇంజన్ బిగించారు. మీటర్లు పీకి పారేశారు.

హైదరాబాదాయనతో కలిసి రెండోసారి పోయేసరికి రంగు వాసన ఇంకా పోలా. పెద్ద బావ బండి చుట్టూ తిరుగుతా, "ఏంది, ఎట్టుంది? పెళ్లికూతుర్లా లేదూ? ఇప్పుడు పదిహేనన్నా పలకాల" అన్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, ఎద్దుల సంతలో బేరగాళ్లు పట్టినట్టు తువ్వాలు కింద నా చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కాడు. ధర పెంచితే నాకూ ఏదో ముడుద్దని. ఆ చెమట చెయ్యి విదిలించుకున్నాక చొక్కాకి తుడుచుకున్నా.

తలుపు కింద గోటితో గీరితే పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. లోపల రేకే లేదు.

"రెండు లక్షలు" అన్నా.

గడప కాడ నిలబడున్న ఆమె, "ఎనిమిదన్నావు గదన్నా" అంది.

"ఆ బండి లేదమ్మా ఇప్పుడు. దాన్ని పాడు చేసేశారు."

హైదరాబాదాయన మారుమాట లేకుండా రెండు లక్షలు తీశాడు. ఆమె చెయ్యి చాపేలోపే పెద్ద బావ ఆ కట్ట అందుకుని, "రంగుకీ ఇంజనుకీ మాకు లక్షా ఇరవై అయింది. అది పోను మిగిలింది నీకిస్తాం" అన్నాడు. రెండోవాడు తలూపాడు. ఛీ, ఏం మనుషులో.

ఆమె వాళ్లవైపు చూడలా. నన్నే చూసింది. "నీ మాటంటే వీళ్లకి లెక్కుంది. ఇది న్యాయమేనా, ఒక్క మాట చెప్పిపో అన్నా."

మాట నోటిదాకా వచ్చింది. కానీ వాళ్ల చుట్టాలు ఇటు క్రోసూరు దాకా ఉన్నారు, ట్రాక్టర్లూ లారీలూ ఉన్నోళ్లు, బళ్లకి ధర కట్టమని నన్ను పిలిచేదే వాళ్లు. "బండికి ధర కట్టడం వరకే నా పనమ్మా. మీ ఇంటి సంగతి నాకెందుకు" అన్నా.



"మంచిదండీ, వెళ్లి రండి" అంది. అప్పటిదాకా నన్ను అన్నా అనే పిలిచింది.