సువార్తమ్మ లైను: గిద్దలూరు మీదుగా కొమరోలు ప్రయాణం

అమెరికాలో ఏదో రాష్ట్రానికి గవర్నరు ఎన్నిక జరిగినప్పుడు, ఆ ఫలితాల మ్యాపు ముందు నేనొక ఆదివారం పూట మొత్తం కూర్చున్నాను. ఏ జిల్లా ఏ ఏడాది ఏ పార్టీకి వేసింది, ఎప్పుడు మనసు మార్చుకుంది, అన్నీ రంగుల్లో ఉన్నాయి. ఆ రాష్ట్రంలో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. మా ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "మన గవర్నర్ని ఢిల్లీ నుంచి పంపిస్తారు. మనం ఓటేసేది ఎమ్మెల్యేకి. ఆ సంగతైనా గుర్తుందా?" అని వెక్కిరించారు. ఒళ్లు మండింది గానీ, మాట నిజమే. ఎక్కడో సముద్రాల అవతల ఎవరు ఎటు వేశారో బట్టీ పడుతున్నాను, విజయవాడ నుంచి సగం రోజు ప్రయాణమైన పశ్చిమ ప్రకాశం గురించి నాకేమీ తెలియదు. అందుకే మన అసెంబ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు, పోలింగుకి వారం ముందు, అక్కడి పాత ఓటర్ల మాటలు విందామని బయలుదేరాను. మే ఎండలో ఆ వైపు వెళ్లడం తెలివైన పని కాదని ముందే చెప్పేస్తున్నాను.

గుంటూరులో పొద్దున్నే నంద్యాల వైపు వెళ్లే రైలెక్కితే గిద్దలూరుకి నాలుగు గంటలు, కాస్త అటూ ఇటూ. జనరల్ టిక్కెట్టు వంద రూపాయల లోపే. వినుకొండ దాటాక నేల ఎర్రబడుతుంది, మార్కాపురం రోడ్డు స్టేషన్లో సగం పెట్టె ఖాళీ అవుతుంది. వాళ్లలో చాలామంది దోర్నాల మీదుగా శ్రీశైలం పోయేవాళ్లు. కంభం తర్వాత కుడివైపు కిటికీలో నల్లమల కనిపిస్తూనే ఉంటుంది. ఆ వైపు సీటు దొరికితే వదలకండి, నాకు దొరకలేదు. ఆ సీట్లో కూర్చున్నాయన కిటికీకి తువ్వాలు కట్టి నిద్రపోయాడు. ఆ కొండలు ఆయనకి రోజూ ఉండేవే కదా అని సరిపెట్టుకున్నాను.

గిద్దలూరులో దిగేసరికి పదకొండు దాటింది. స్టేషను బయట చిన్న హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను, నలభై రూపాయలు. ప్రకాశం జిల్లాలో రాయలసీమ ఉగ్గాని ఏమిటని వండుతున్నామెని అడిగాను. ఆమె బొరుగులు పిండుతూనే, "మేం మొదాట కర్నూలోళ్లం కదక్కా. మా నాయన కాలంలో తీసకపోయి ఒంగోలులో కలిపినారు. జిల్లా మార్చినారు గానీ నోరు మారుస్తారా?" అంది. ఈ తాలూకాలు జిల్లా మారింది పంతొమ్మిది వందల డెబ్బైలో అని నాకు పుస్తకాల్లో తెలుసు. ఆమెకి ఆ సంవత్సరంతో పనిలేదు, కలెక్టరాఫీసుకి పోవాలంటే ఒక రోజు కూలి పోతుందన్నదే ఆమె లెక్క.

గిద్దలూరు బస్టాండు నుంచి కొమరోలుకి బస్సులు బాగానే ఉన్నాయి, ముప్పావు గంట పట్టింది. దారికి రెండు పక్కలా కంది కోసేసిన చేలు, అక్కడక్కడ బోరు కింద పచ్చటి ముక్క. కొమరోలులో ఆటో స్టాండు దగ్గర యోహాను అనే డ్రైవరు దొరికాడు. ముప్పై ఏళ్లుంటాయి. చుట్టుపక్కల ఊళ్లు తిప్పి సాయంత్రానికి మళ్లీ బస్సు దగ్గర దింపడానికి ఆరు వందలకి ఒప్పుకున్నాడు. ఎప్పటినుంచో ఓటేస్తున్న ముసలివాళ్లతో మాట్లాడాలని చెప్పగానే అతను వెనక్కి తిరిగి నవ్వాడు.

"మా జేజి కంటే పాత ఓటరు ఈడెవురూ లేరు మేడమ్. సువార్తమ్మ. పోయినసారి బడికాడ ఎండకి కళ్లు తిరిగి పడిపోయినాది. అందుకే ఈసారి ఇంటికాడ ఓటుకి నేనే రాపిచ్చినా. ఈ పొద్దే వస్తాండారు, మంచి టయానికి వచ్చినారు మీరు."

ఎనభై అయిదు దాటినవాళ్లు ముందే దరఖాస్తు పెట్టుకుంటే, పోలింగుకి ముందే అధికారులు ఇంటికి వచ్చి బ్యాలెట్ కాయితం మీద ఓటు వేయిస్తారు. యోహాను ఎంత పొంగిపోతూ చెప్పాడంటే, జేజికి, అంటే నాయనమ్మకి, ఇల్లు కట్టించి ఇచ్చినంత సంబరం అతని మొహంలో.

ఆ ఊరు రోడ్డుకి రెండు కిలోమీటర్లు లోపల. ముందు రెడ్ల ఇళ్లు, కోమట్ల దుకాణం, దాని తర్వాత బడి, చివర్లో క్రైస్తవుల వాడ. సువార్తమ్మ గడప ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. తెల్ల చీర, నూనె రాసి దువ్విన తల, కాళ్లకి చెప్పులు, చేతిలో గొడుగు. నన్ను చూసి, "బండి వచ్చినాదా?" అంది.

"బండెందుకు జేజీ? వాళ్లే వస్తారు, పెట్టె తెస్తారు" అన్నాడు యోహాను.

"పెట్టె ఈడికి తెచ్చేదేంది?"

అప్పుడు తెలిసింది తిరకాసు. ఇంటికొస్తారంటే, ప్రతి ఎన్నికకీ పార్టీలవాళ్లు ముసలివాళ్లని ఎక్కించుకుపోయినట్టు, ఈసారి సర్కారు బండే వచ్చి తనని బడికి తీసుకుపోతుందని ఆమె అనుకుంది. అలా అనుకునే దరఖాస్తు మీద వేలిముద్ర వేసింది. పోలింగు ఇంకా వారం ఉందన్న సంగతి కూడా ఆమె పట్టించుకోలేదు.

ఇంతలో జీపు రానే వచ్చింది. ఒక టీచరమ్మ, ఇంకో అధికారి, కానిస్టేబులు, వీడియో తీసేవాడు, వెనకాల రెండు పార్టీల మనుషులు. అట్టతో చేసిన మరుగు మంచం మీద నిలబెట్టారు. టీచరమ్మ కాయితం విప్పబోతుంటే సువార్తమ్మ గొడుగు నేలకి తాటించింది.

"నేనీడ ఎయ్యను. బడికాడికే వస్తా. లైన్లో నిలబడి ఏస్తా."

"అక్కడ ఇవ్వరవ్వా" అంది టీచరమ్మ నెమ్మదిగా. "ఇంటి దగ్గర ఓటని నీ పేరు పక్కన గుర్తు పెట్టేశారు. ఈరోజు వద్దంటే ఇంకొక్కసారి వస్తాం. అప్పుడూ వద్దంటే ఈ ఎన్నికలో నీ ఓటు లేనట్టే."

"నేనే చెడగొడితినే జేజీ" అని యోహాను గోడకి ఆనుకున్నాడు. మంచి చెయ్యబోయి ఆమె ఓటుకే ఎసరు పెట్టాడు పాపం. అతన్ని చూస్తే నాకు జాలేసింది, ఆమెని చూస్తే భయమేసింది.

లైనెందుకు అంత ముఖ్యమని టీచరమ్మే అడిగింది, విసుక్కోకుండా. సువార్తమ్మ ఆమెని కాకుండా మంచం మీది అట్టని చూస్తూ చెప్పింది. "నేను మొదాట ఓటుకి పోయినప్పుడు మాది కర్నూలు జిల్లా. బడికాడ ఊరోళ్లందురూ ఏసిందాకా మా వాడోళ్లని చింతచెట్టు కింద కూకోమనేటోళ్లు. పొద్దు గూకే యాళకి మా వంతొస్తే, మీ ఓట్లు పడినాయి పోండి అనేటోళ్లు. రెండుసార్లు అట్లనే తిరిగొచ్చినా. మూడోసారి ఎవురో కొత్త ఆఫీసరు వచ్చినాడు. బయటికొచ్చి, ఆడోళ్లకి ఒకటే లైను, ఎవురు ముందొస్తే వాళ్లే ముందర అన్నాడు. ఆ పొద్దు నిలబడినా. అప్పట్నించి తప్పలేదు. ఓటంటే అదే నాకు. మంచం మీద కూకోని ఏసేది ఏం ఓటు?"

టీచరమ్మ గడియారం చూసుకుంది. ఆ ఊళ్లో ఇంటి దగ్గర ఓటు ఇంకొకటే ఉంది, కోమట్ల దుకాణంలో సుబ్బరత్నమ్మది. ఊరి ఓటర్ల జాబితా చూసే అమ్మాయి ఆ ఇంటికి ఫోను చేసి, "ఆలస్యమైతాది పెద్దమ్మా. సువార్తమ్మ లైను కావాలంటాంది" అని ఉన్నదున్నట్టు చెప్పింది.

పావుగంటకి సుబ్బరత్నమ్మే వచ్చింది. కోడలి భుజం పట్టుకుని, ఆ ఎండలో, బడి దాటి వాడ దాకా నడిచి వచ్చింది. ఆమెకీ సువార్తమ్మ వయసే. వస్తూనే, "ఏంది సువార్తా, ఊరంతా నిలబెట్టినావంట?" అంది.

"నిలబెట్టలేదు సుబ్బరత్నమ్మా. నిలబడతానంటాండా."

"ఆ పొద్దు లైన్లో నీ ఎనకాల ఎవురుండ్రి?"

"నువ్వే గదా."

"అయితే లెయ్. నేనొచ్చినా కదా ఎనకాలకి."

టీచరమ్మ కంగారు పడింది. ఎవరి ఓటు వాళ్ల ఇంట్లోనే వెయ్యాలని చెప్పబోయింది. "ఓటు మా ఇంట్లోనే ఏస్తాలేమ్మా. నిలబడేదానికి కూడా రూలుందా?" అని సుబ్బరత్నమ్మ కోడలిని పక్కకి జరిపింది. టీచరమ్మ నవ్వేసి, మంచాన్ని వాకిట్లోంచి పంచలోకి మార్పించింది. వాకిలి ఖాళీ అయింది.

సువార్తమ్మ లేచి నిలబడింది. వెనకాల సుబ్బరత్నమ్మ. ముందు మనిషి లేకపోతే లైనేమిటని కాబోలు, పక్కింటి కోడలు వచ్చి సువార్తమ్మ ముందు నిలబడింది, టీచరమ్మ పిలవగానే పక్కకి తప్పుకుంది. నడవబోతూ సువార్తమ్మ తల తిప్పకుండానే, "ఆ పొద్దు నాకూ నీకూ నడాన ఎద్దులబండి పోయేంత సందు ఇడిసినావు" అంది.

సుబ్బరత్నమ్మ చెయ్యి చాపి ఆమె భుజం పట్టుకుంది. "ఇడిసినా. మా అత్త చూస్తాండె. ఇప్పుడు పట్టుకోకుంటే పడతా, పద."

మమ్మల్నందరినీ రోడ్డు మీదికి పంపేశారు, ఓటు రహస్యం కదా. సువార్తమ్మ అట్ట వెనకాల ఎంతసేపుందో చెప్పను గానీ, తొందరపడలేదు. కవరు పెట్టెలో పడ్డాక యోహాను మొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. జీపు దుకాణం వైపు తిరుగుతుంటే సువార్తమ్మ మళ్లీ గొడుగు తీసుకుంది.

"యాడికి జేజీ?"

"ఆయమ్మకి లైనొద్దా?"

ఇద్దరినీ యోహాను ఆటోలోనే ఎక్కించాడు, నేను ముందు అతని పక్కన ఇరుక్కున్నాను. ఇన్నేళ్లూ దుకాణం మెట్ల దగ్గరే నిలబడి బియ్యం, చింతపండు కొనుక్కుపోయిన మనిషి ఆ రోజు మెట్లెక్కి, నడవ దాటి, లోపలి హాల్లోకి వెళ్లింది. అక్కడ ముందు సుబ్బరత్నమ్మ, వెనకాల సువార్తమ్మ. ఈసారి భుజం మీద చెయ్యి వేసింది సువార్తమ్మ. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎండ వల్ల అని అబద్ధం చెప్పను.

సాయంత్రం గిద్దలూరు బస్సులో కూర్చుని నేను చూసిన మ్యాపు గుర్తు చేసుకున్నాను. గెలిచినవాళ్ల రంగులు తెలిస్తే ఒక ప్రాంతం ఎలా ఓటేసిందో తెలిసినట్టే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ ఇద్దరూ ఏ పార్టీకి వేశారో నాకు తెలియదు. ఒకరు ఒక పార్టీకి, ఇంకొకరు ఎదుటి పార్టీకి వేసి ఉండొచ్చు కూడా. ఒక లైన్లో ఎద్దులబండి పట్టేంత సందు మూసుకోవడానికి ఇద్దరు మనుషుల జీవితకాలం పట్టింది, అదైతే నా కళ్లతో చూశాను. ఎన్నికల మీద ఎంత విసుగున్నా, ఇకనుంచి క్యూ పొడుగుందని ఇంటికి తిరిగి రాను.

ఆ వైపు వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: పల్లెల్లో ఎవరినీ ఎవరికి ఓటేశారని అడగకండి, మొదటిసారి ఎప్పుడు వేశారని అడగండి. ఆ తర్వాత కనీసం రెండు గంటలు వేరే పని పెట్టుకోకండి.