పీరు దారి తప్పిన రోజు

దయ్యాలన్నా, పూనకాలన్నా నాకు మొదటినుంచీ నవ్వే. రక్తపరీక్షలు చేసి బతికేవాణ్ణి. గాజు పలక మీద కనిపిస్తే ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు. అంతకు మించిన వేదాంతం నాకు లేదు. ఇప్పుడు చెప్పబోయే సంగతి తెలిస్తే మా ల్యాబులో వాళ్లు నన్ను ఏడిపిస్తారని ఇన్నాళ్లూ నోరు మెదపలేదు.

మాది కోస్గి దగ్గర పల్లె. జిల్లాలు విడిపోయిన తర్వాతి ముచ్చట ఇది. మా ఊళ్లో పీర్ల పండుగ అందరిదీ. పీర్లను నిలబెట్టే చావిడి చూసుకునేది ఖాసిం చిన్నాయన, ఒక పీరును ఎత్తుకునే వంతు మాత్రం మా ఇంటిది. ఏటా బాపు ఎత్తుకునేవాడు. ఆ ఏడు మోకాళ్లు పట్టేసి లేవలేకపోయాడు.

"నమ్ముతవో నమ్మవో నీ ఇష్టం బిడ్డా. మనింటి వంతు మాత్రం తప్పద్దు" అన్నాడు. ముసలాయన మనసు నొప్పించడం ఎందుకని ఒప్పుకున్నాను.

పీరు లాగుతుందని, ఎత్తుకున్నవాణ్ణి తనకు నచ్చినచోటికి తీసుకుపోతుందని ఊళ్లో అంటారు. దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. పొడుగాటి కర్ర, కొసన లోహపు పంజా, దానికి జనం మొక్కుకుని కట్టిన దట్టీల, ఆ రంగుగుడ్డల బరువు. పైగా ఖాళీ కడుపు, చెవి పక్కనే డప్పులు. మనిషి తూలకపోతే ఆశ్చర్యపోవాలి గానీ తూలితే ఏముంది?

చివరి రోజు పొద్దెక్కాక పీర్లను లేపి వీధులు తిప్పుతారు. ఆడవాళ్లు గడపల్లో నిలబడి ఎత్తుకున్నవాళ్ల కాళ్లకు నీళ్లు పోస్తారు. మా సత్తెమ్మ అక్కను ఊళ్లోనే ఇచ్చారు. వాళ్ల గల్లీ అన్నిటికంటే చివర వస్తుంది. ఆ పొద్దున అక్క చావిడికి వచ్చి, నా పీరుకు దట్టీ కట్టి, "నువ్వు ఎత్తుకున్నవంటే వానలు పడుతయ్ తమ్మీ" అని ఎగతాళి చేసి ఇంటికి పోయింది.

పిండి గిర్ని దగ్గర మేము కుడివైపు తిరగాలి. కర్ర ఎడమవైపు వాలింది. నిలబెట్టాను. మళ్లీ వాలింది.

వెనకనుంచి ఖాసిం చిన్నాయన నా నడుం పట్టుకుని "గటు కాదు బిడ్డా, గిటు తిప్పు" అని అరిచాడు.

"నేను తిప్పుతలేను చిన్నాయనా!" అన్నాను.

ఆ తర్వాత నడవలేదు, ఉరికాను. ఆగుదామని మడమలు నేలకు తన్నిపట్టాను, ఆగలేదు. నిజం చెప్పాలంటే భయమేసింది. డప్పులవాళ్లు, జనం ఏమీ అర్థంకాక నా వెనక పడ్డారు. పీరు అక్క ఇంటి ముందు నిలిచింది.

గడపలో నీళ్ల బిందె నిండుగా ఉంది. అక్క లేదు. మా బావ కూడా జనంలోనే ఉన్నాడు, ఇంట్లో ఇంకెవరూ ఉండరు. పీరును చిన్నాయన చేతిలో పెట్టి లోపలికి దూకాను. అక్క పొయ్యి దగ్గర పడి ఉంది. ఒళ్లంతా చెమట, కళ్లు సగం తెరిచి ఏదో గొణుగుతోంది.

అక్కకు ఏళ్లుగా షుగరు. ఒంట్లో చక్కెర పడిపోయిందని చూడగానే తెలిసింది. పీరు కోసం ఒకామె తెచ్చిన బెల్లం షర్బత్ అందుకుని, అక్కను పక్కకు తిప్పి, వేలితో కొద్దికొద్దిగా చిగుళ్లకు రాశాను. గుటక వేయగలిగాక చెంచాతో పోశాను. కాసేపటికి "ఏందిర మీద పడుతున్నవ్, అటు జరుగు" అంది. ఆ తిట్టు విని బావా నేనూ చిన్నపిల్లల్లా ఏడ్చాం. ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరు చెప్పాడు.

జరిగిందేమిటంటే, అక్కకు ఆ మధ్యే షుగరు గోలీలు మార్చి ఇన్సులిన్ సూది రాశారు. ఒక్కపూట కూడా మానొద్దన్నారు. పీరు గడపకు వచ్చేదాకా ఒక్కపొద్దుండడం ఆమె మొక్కు. అందుకని డాక్టరు మాట ప్రకారం సూది వేసుకుంది, మొక్కు ప్రకారం అన్నం ముట్టలేదు. ఇద్దరి మాటా నిలబెట్టబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంది.

నేను ఊరుకునే రకం కాదు, కారణం వెతికాను. అక్క ఒంట్లో బాగాలేదని నా మనసు పసిగట్టి కాళ్లను అటు నడిపించి ఉంటుందనుకున్నాను. కానీ ఖాళీ కడుపున సూది వేసుకున్న సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. చావిడిలో చూసినప్పుడు కులాసాగా ఉంది. ఎంత గుర్తు చేసుకున్నా ఆ ఎగతాళి తప్ప ఇంకేం గుర్తురావడం లేదు.

ఊరు మాత్రం వెతుక్కోలేదు, పీరే తీసుకుపోయాడంది. చదువుకున్న మా బావ కూడా అదే మాట. ఒకప్పుడైతే వాదించేవాణ్ణి. పెద్ద గండం గడిచాక మనిషి చేతులు ఊరికే ఉండవని ఇప్పుడు తెలిసింది, దండం పెట్టడానికి ఎవరో ఒకరు కావాలి. ఆ రోజు దవాఖాన వరండాలో నా చేతులూ లేచాయి. ఎవరికో నన్ను అడగకండి.

మరుసటి ఏడు పండుగ ముందు అక్కకు తిండి గురించి నచ్చజెప్పాలని లెక్చరు సిద్ధం చేసుకుని పోయాను. చూస్తే పీటమీద కూర్చుని జొన్నరొట్టె తింటోంది.

"మొక్కు ఏమైందక్కా?" అన్నాను.

"నేను తినకుంటే పీరు మళ్ల ఉరకాల్నార? ఆయనకు ఆ తిప్పలెందుకు?" అంది.

ఆ రోజు నన్ను ఏది ఉరికించిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పూట మాత్రం లెక్చరు పక్కనపెట్టి, ఆమె పళ్లెంలో ఇంకో రొట్టె వేశాను.