చింతచెట్టు మీద నింద

బీజాపూర్ వెళ్లే బస్సులో మద్దేడ్ దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఎక్కి నా ముందు సీట్లో కూర్చున్నారు. చిన్నామె ఎడమచేతికి కట్టు ఉంది. భర్త కొట్టి విరిచాడు. అతను జైల్లో ఉన్నాడు. ఆమె ఆ రోజు కోర్టులో సాక్షి. ఈ మూడూ వాళ్ల మాటల్లోనే తెలిశాయి.

"కేసు వద్దని నువ్వే అంటివి గద బిడ్డా. చింతపండు దులుపుతాంటే చెట్టు మీంచి పడ్డనని చెప్పు. వాడు బయటికొస్తడు," పక్కనున్న అత్త బతిమాలింది.

"కేసు వద్దనే చెప్త అత్తా. చెట్టు మాట చెప్ప. ఏటేటా కోడిని కోసి, మొక్కి ఎక్కే చెట్టది. ఒక్కనాడు నన్ను పడెయ్యలె. నీ కొడుకు చేసింది దాని మీద ఎట్లేస్త?"

"మరి జడ్జికి ఏం చెప్తవే?"

"కొట్టిండని చెప్త. ఇడిసిపెట్టుమని గూడ చెప్త."

"రెండూ చెప్తే ఇడుస్తరా?"

"ఏమో. ఇడిస్తే నీ ఇంటికి తీస్కపో. నా దగ్గరికి వద్దు."

బీజాపూర్‌లో దిగేటప్పుడు అత్త కోడలి సంచి తానే భుజానికి వేసుకుంది.

గనిలో యంత్రాలు ఎందుకు చెడిపోయాయో రాయడం నా ఉద్యోగం. రిపోర్టులో 'కారణం' అన్న చోటికి వచ్చేసరికి, నేను చూడని ఆ చెట్టు ఇప్పటికీ గుర్తొస్తుంది.