గంజి పెట్టిన విమానం

నేను చెప్తుంటే మా అమ్మాయి సునీత రాస్తోంది. నాకు సంతకం పెట్టటం, బైబిల్లో పెద్దక్షరాలు కూడబలుక్కోవటం వచ్చు, అంతే. పిల్లల దగ్గరకని ఇంగ్లండు వచ్చేవాళ్ళు మీలో ఎవరన్నా ఉంటే ఈ ప్రయాణం సంగతి వినండి. చెప్పులు వద్దు, మెత్తటి బూట్లేసుకోండి. నా మోకాళ్ళు ఇప్పటికీ లాగుతున్నాయి.

మాది చీరాల. మా ఆయన మగ్గం నేసేవాడు. ఆయన పోయిన మరుసటేడు, అంటే 2014లో, సునీత నన్ను స్టీవెనేజ్ పిలిపించుకుంది. అది నర్సు. పక్కింట్లో జీనమ్మ అని ఎనభై దాటిన దొరసాని, ఆమె కూడా నాలాగే ఒంటరిది. ఇల్లమ్మేసింది. సోమవారం నుంచి ముసలోళ్ళ హోంలో ఒక చిన్న గది. సామానంతా చెత్తబండి కెక్కిస్తానన్నాడంట ఆమె మేనల్లుడు. ఒక్క బట్ట మాత్రం విమానాల మ్యూజియంలో ఇచ్చిరావాలని ఆమె పట్టుదల.

"అమ్మా, మడతలు పోయేట్టు కాస్త ఇస్త్రీ చేసి పెట్టవే" అని సునీత ఆ బట్టను నాకిచ్చి డ్యూటీకి పోయింది.

విప్పి చూశాను. నీలంగా, జిగటగా, ముక్కిపోయిన వాసన. నిండా నల్లగీతలు. దర్జీ కత్తిరించబోయే ముందు గీసిన గుర్తులనుకున్నా. పెద్దోళ్ళకిచ్చే బట్టను ఉతక్కుండా ఎట్టా ఇస్తాం? గోరువెచ్చటి నీళ్ళలో నానేశా. మురికంతా దిగింది. అన్నం వార్చిన గంజి పట్టించి, హీటరు మీద ఆరేసి, ఇస్త్రీ చేశా. మల్లెపూవల్లే వచ్చింది. చుట్టచుట్టి, దిండు గలీబులో పెట్టి, నేనే సంచిలో సర్దా.

శుక్రవారం పొద్దున ఏడింటికి స్టీవెనేజ్‌లో రైలెక్కాం. జీనమ్మ చక్రాల కుర్చీ ఎక్కటానికి స్టేషనోళ్ళు వాలుబల్ల వేశారు. ముందు రోజే ఫోన్ చేసి చెప్పాలంట, మరవబాకండి. లండన్‌లో దిగి ఇంకో స్టేషనుకి పోవాలి. భూమికింద రైలుకి అన్నీ మెట్లే, అందుకని నల్ల టాక్సీ మాట్లాడింది సునీత. వాటర్లూలో తొమ్మిదిన్నరకు సోమర్సెట్ వైపు బండి. నేను పులిహోర పొట్లాం విప్పా. జీనమ్మ ఒక ముద్ద తిని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఇంకో ముద్దడిగింది.

ఎదురు సీటు పెద్దమనిషి మ్యూజియం అన్న మాట విని పేపరు దించి పలకరించాడు. "విమానాలు చూడ్డానికా?"

"నేను గీసింది అక్కడ లేదు. ఎక్కడా లేదు" అంది జీనమ్మ.

అక్కణ్ణుంచి మొదలెట్టింది. సునీత నాకు తెలుగులో చెప్తోంది. వయసులో ఉన్నప్పుడు జీనమ్మ విమానాల కంపెనీలో పని చేసిందంట. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన పటాల మీద, కింది గీతలు కనపడే గంజి బట్ట పరిచి, ఆ గీతల మీద సిరాతో గీయటం ఆడపిల్లల వంతు. చెమట చుక్క పడ్డా బట్ట పాడేనంట. ఆమె గీసింది యుద్ధ ఓడ మీద దిగే విమానం. దిగాక రెక్కలు పైకి మడిచి ఓడ కడుపులోకి దించాలి. ఆ రెక్క మడిచే చోటు ఈమె బట్ట మీదుంది. ఇంతలో గవర్నమెంటు వద్దంది. ఒక్క విమానమూ తయారవలా. పటాలన్నీ నాశనం చెయ్యమని ఆర్డరొచ్చింది. ఆడపిల్లలు బట్టల్ని నీళ్ళలో నానేసి, సిరా పోగొట్టి, చేతిరుమాళ్ళూ పసిబిడ్డల గౌన్లూ కుట్టుకున్నారు. ఈమె మాత్రం ఒకటి దాచుకుంది.

నీళ్ళలో నానేసి అన్న మాట దగ్గర సునీత మోచెయ్యి పట్టుకుని గుంజా.

"సునీతా, నేను ఉతికానే" అన్నా.

"ఏంది?"

"ఉతికి గంజి పెట్టానే."

"అమ్మా, నవ్వుతా ఉండు. ఆమె చూస్తోంది."

"మేరీ ఏమంటోంది?" అనడిగింది జీనమ్మ. మరియమ్మ అనటానికి నోరు తిరక్క నన్నట్టా పిలుస్తది.

"దారి చాలా పొడుగంటోంది" అని చెప్పింది సునీత.

పొడుగే మరి. కిటికీలో గొర్రెలు, పచ్చిక, మళ్ళీ గొర్రెలు. ప్రభువా, ఈ రైలు ఆగకుండా పోతే బాగుండనుకున్నా.

మిట్టమధ్యాహ్నానికి మ్యూజియం చేరాం. లోపల విమానాలు వరసగా, కొన్ని రెక్కలు మడుచుకుని, తడిసిన కోళ్ళల్లే నిలబడున్నాయి. గదిలో ఒకమ్మాయి చేతులకు తొడుగులేసుకుని మాకోసం బల్ల తుడిచిపెట్టింది. గలీబు తీసింది, చుట్ట విప్పింది. తెల్లటి బట్ట.

నేను రెండు చేతులూ జోడించా. సునీత ఇంగ్లీషులో ఏదో చెప్తా ఏడ్చింది. జీనమ్మ బట్టను తడిమి, వాసన చూసి, నన్నడిగింది, "ఇదేంటి?"

"గంజి" అన్నా.

ఆమె నవ్వటం మొదలెట్టింది, దగ్గొచ్చేదాకా. "ఆ ఆర్డరు నేనొక్కదాన్నే తప్పించుకున్నా ఇన్నాళ్ళూ. చివరికి మేరీ పూర్తి చేసింది!"

ఆ అమ్మాయి మంచిదే. టీ ఇప్పించింది. కానీ గీత లేని బట్టను తీసుకోలేమంది. మళ్ళీ చుట్టి మా చేతికిచ్చేసింది. బయటకొస్తా జీనమ్మ ఒక విమానం దగ్గర కుర్చీ ఆపించి, రెక్క కీలు కేసి చాలాసేపు చూసింది. "మాది ఇంతకన్నా నున్నగా మడిచేది" అంది. ఆ తర్వాత నవ్వలా.

మూడింటికి తిరుగు రైలు. తిట్టినా బాగుండేది. ఆమె సంచి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. నాకు నడుము నొప్పి, ఆకలి, సిగ్గు. ఉండబట్టలేక సునీతతో అన్నా, "ఈ మాట చెప్పవే ఆమెకి. మీ నాన్న పోయిననాడు మగ్గం మీద సగం చీరుంది. నెమలి మెడ దాకా నేశాడు. నూలిచ్చిన సావుకారి మనిషొచ్చి పడుగు కోసుకుపోయాడు. ఒక్క పోగు కూడా నాకు మిగలా. ఆమె దాచుకున్నదాన్ని నేను పోగొట్టా."

సునీత చెప్పింది. జీనమ్మ కళ్ళు తెరిచి, నన్ను చూసి, మెల్లగా బట్ట విప్పి కిటికీ అద్దానికి అడ్డంగా పట్టింది. రెండో కొస నన్ను పట్టుకోమంది. సాయంత్రపు ఎండ. బట్టలోంచి చుక్కలు చుక్కలుగా వెలుగొచ్చింది. గుండ్రాలు గీసేటప్పుడు కంపాసు ముల్లు గుచ్చిన బెజ్జాలు, ఉతుక్కి పోలేదు.

ఆమె వేలు ఒక్కోదాని మీదా ఆనింది. "ఇది కీలు. ఇది బిగించే మర. ఇక్కణ్ణుంచి రెక్క లేస్తది." వేలితోనే గాల్లో గీత గీసింది. నాక్కూడా రెక్క కనపడింది.

బట్ట దించి, "కొత్త గదికి ఒకటే కిటికీ. మేరీ కర్టెన్ కుట్టగలదా? కర్టెన్లు ఎవరూ చెత్తబండి కెక్కించరు" అంది.

"కుడతానని చెప్పు. గంజి పెట్టనా వద్దా అడుగు" అన్నా.

సునీత నోరు తెరిచేలోపే జీనమ్మ అంది, "గంజి, యెస్."

ఇల్లు చేరేసరికి పాదాలు బూట్లలో పట్టలా. మ్యూజియం మంచి చోటే, ఓపికున్నవాళ్ళు పోండి, విమానాలు బోలెడు. మా విమానం మాత్రం అక్కడ కనపడదు. అది స్టీవెనేజ్‌లో ఒక గది కిటికీకి వేలాడుతోంది. పొద్దున పూట పోతే రెక్క లేవటం చూడొచ్చు.